కర్ర పక్కన పెట్టండి

వేసవి సెలవుల్లో పిల్లలు ఇంటిపట్టున ఉంటారని, కుక్కకు చిన్న చిన్న విద్యలు నేర్పడాన్ని ఈ సంచికకు ఎంచుకున్నాం. హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లుల పనికొచ్చి స్థిరపడ్డ మన కుటుంబాల్లో, మా బడ్జ్ బడ్జ్‌లోనూ, కుక్క మాట వినకపోతే ముందు కర్రే లేస్తుంది. అది మమ్మల్ని బాధిస్తోంది.

కూర్చోవడం నేర్పాలంటే, ఉడికించిన కోడిముక్కను కుక్క ముక్కు దగ్గర నుంచి తలమీదుగా వెనక్కి జరపండి. తల పైకెత్తుతుంది, వెనక భాగం దానంతటదే కిందికి దిగుతుంది. ఆ క్షణంలోనే ముక్క నోటికి అందాలి. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1951లోనే, బహుమతి వెంటనే అందాలన్న సంగతి నొక్కి చెప్పారు. ఇక ఆదేశం సంగతి. తాతయ్య ‘కూర్చో’, మనవడు బెంగాలీలో ‘బోషో’, కోడలు ‘సిట్’ అంటే పాపం అది ఎవరి మాట పట్టుకోవాలి? ఇంటిల్లిపాదీ ఒకే మాట అనండి. బహుమతిగా ఉల్లిపాయ, చాక్లెట్ మాత్రం పెట్టొద్దు.

మా రచయితలంతా ఓర్పు గురించే రాశారు. మీ కుక్క ఏం నేర్చుకుందో మాకు రాయండి.