మార్కుల సంస్కృతం

ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా సంస్కృతాన్ని వేలమంది ఎన్నుకొంటున్నారని ఆస్తికలోకం మురిసిపోతున్నది. ఆ మురిపెం నిరాధారం. దేవనాగరి అక్షరం రాకున్నా దీర్ఘసమాధానాలను తెలుగులోనో ఆంగ్లంలోనో వ్రాసి మార్కులు పొందవచ్చుననుటే ఆ ఎంపికకు మూలం. పరీక్ష ముగియగానే ఆ వాచకం ఆబిడ్స్ ఆదివారపు పాతపుస్తకాల గుట్టలో చేరుతుంది.

ప్రవేశపరీక్ష కోసమే ఇదంతా అనుట కూడ అసత్యమే. నాటి ఎంసెట్, నేటి ఎప్‌సెట్‌లో ఇంజనీరింగుకు ఉన్న 160 మార్కులూ గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలవే. 2023లో రద్దయిన 25 శాతం వెయిటేజీలో సైతం భాషల మార్కులు చేరలేదు. మరి గీర్వాణిని ఈ బేరంలోకి ఈడ్చినదెవరు? బాలురు కారు, మొత్తం మార్కులను ఫ్లెక్సీలకెక్కించే కళాశాలలు, వాటికి తలయూపే తల్లిదండ్రులు.

వేదాంగాలలో ప్రథమం శిక్ష, అనగా ఉచ్చారణశాస్త్రం. ఒక్క వర్ణమైనా నోట పలికించకుండ ముగిసే సంస్కృతాధ్యయనం ఏ సంప్రదాయానిది? నాంపల్లిలోని ఇంటర్మీడియట్ బోర్డు ఆంగ్లానికి 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టినది గదా! సంస్కృతానికీ వాచికపరీక్ష పెట్టుగాక, సమాధానాలు సంస్కృతంలోనే వ్రాయించుగాక. సంఖ్య తగ్గుతుంది, తగ్గనీ. తొలగినవారు తెలుగు చదువుకొంటారు; తెలుగు విశ్వవిద్యాలయమూ ఉన్నది.