పాపం, మదర్‌బోర్డుదేం తప్పు?

"బోర్డు పోయింది బ్రో." సెకండ్ హ్యాండ్‌లో మైనింగ్ రిగ్ కొన్నవాళ్ల నోట ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది. ఆరు కార్డులు పెడితే నాలుగే కనిపిస్తాయి. లేదా ఫ్యాన్లన్నీ తిరుగుతుంటాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోతుంది. వెంటనే తీర్పు: బోర్డు డెడ్. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. విచారణ లేకుండా ఇచ్చే ఈ తీర్పు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

ఈ రిగ్‌లు మన దాకా ఎలా వచ్చాయో ముందు చెప్పాలి. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ క్రిప్టో లావాదేవీలకు సేవలు ఆపమని బ్యాంకులకు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో మన తెలంగాణ ప్రభుత్వం బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ కోసం టెక్ మహీంద్రాతో ఒప్పందం చేసుకుంది. (టెక్నాలజీ కావాలి, నాణెం వద్దు అన్నమాట!) 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ బ్యాంకు సర్క్యులర్‌ను కొట్టేసింది. ఆ తర్వాత మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్లలో, అద్దెలోనే కరెంటు కలిసిన గదుల్లో, రిగ్‌లు రాత్రింబవళ్లు తిరిగాయని మా సీనియర్లు కథలుగా చెబుతారు. ఆరు కార్డుల రిగ్ 900 వాట్లు తాగితే నెలకు దాదాపు 650 యూనిట్లు. ఓనర్ పరిస్థితి మీరే ఊహించుకోండి.

2022లో అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఏప్రిల్ 1 నుంచి లాభంపై 30 శాతం పన్ను, జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్, సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్ పద్ధతికే స్వస్తి చెప్పడం. దాంతో కార్డులు, బోర్డులు, ఫ్రేములు ఓఎల్ఎక్స్‌లోకీ, సికింద్రాబాద్ సీటీసీ వైపుకీ వచ్చిపడ్డాయి. ఏఐ ప్రాజెక్టు చేద్దామని మనవాళ్లు కొన్నారు.

మా జూనియర్లు నలుగురు డబ్బులు పోగేసి అలాంటిదే ఒకటి తెచ్చారు. వారం తిరక్కుండానే రెండు కార్డులు మాయం. షాపులో చూపిస్తే "బోర్డు మార్చాల్సిందే" అన్నారు. మార్చారు. కొత్త బోర్డు మీద కూడా అవే రెండు కార్డులు మాయం! చివరికి చూస్తే, రెండు రైజర్ల సాటా కనెక్టర్లు గోధుమ రంగుకు తిరిగి కరిగిపోయి ఉన్నాయి. పాత బోర్డు అప్పటికే తుక్కులో కలిసిపోయింది.

రైజర్ అంటే కార్డును బోర్డుకు దూరంగా పెట్టడానికి వాడే చిన్న పలక. దాని నీలం కేబుల్ చూడ్డానికి యూఎస్‌బీలా ఉంటుంది గానీ అందులో పోయేది పీసీఐఈ సిగ్నల్. (పొరపాటున కూడా యూఎస్‌బీ పోర్టులో పెట్టకండి.) స్లాట్ నుంచి కార్డు 75 వాట్ల వరకు లాగొచ్చు. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్ మోస్తుంది. లెక్క కట్టండి: 54 వాట్లు. మిగతా భారం ప్లాస్టిక్ కరగడానికే కదా! ఓమ్స్ లా మొదటి సంవత్సరంలోనే చదివాం, పరీక్షలో రాసి అక్కడే వదిలేశాం.

ఇక నల్ల మానిటర్ సంగతి. ప్రతి కార్డూ మెమరీ చిరునామాల్లో కొంత చోటు అడుగుతుంది. 4 జీబీ గీత లోపల ఉన్న చోటు అయిపోతే బోర్డు బూట్ మధ్యలోనే ఆగిపోతుంది. బయోస్‌లో 'అబవ్ 4జీ డీకోడింగ్' ఆన్ చేస్తే చాలావరకు కదులుతుంది. ఒక్కోసారి అదీ కాదు: బొమ్మ కార్డు నుంచి వస్తుంటే మనం మానిటర్ వైరు బోర్డుకు తగిలించి ఉంటాం. కార్డులు ఉండి ఉండి మాయమవుతుంటే పీసీఐఈ వేగాన్ని 'ఆటో' నుంచి జెన్ 1కో జెన్ 2కో దించాలి. చవక కేబుల్ జెన్ 3ని మోయలేదు. కొన్ని బోర్డుల్లో ఎం.2 ఎస్ఎస్‌డీ పెడితే ఒక స్లాట్ పనిచేయదు. మాన్యువల్‌లో ఆ ముక్క రాసే ఉంటుంది, చదివేవాడు ఏడీ?

2017లో ఆసుస్ 19 స్లాట్లతో బి250 మైనింగ్ ఎక్స్‌పర్ట్ అనే బోర్డు తెచ్చింది. ఆన్ చేయగానే ఏ స్లాట్‌లో కార్డు ఉంది, ఎక్కడ తేడా ఉంది అని తెరమీద పటం గీసి చూపిస్తుంది. తప్పు ఎక్కడుందో వెతకడమే అసలు పని అని కంపెనీకే అర్థమైందన్నమాట.

మన బోర్డుకు ఆ సదుపాయం లేకపోతే చేత్తో చేయాలి. అన్నీ పీకేసి, సీమాస్ క్లియర్ చేసి, ఒక్క కార్డు నేరుగా స్లాట్‌లో. అది లేస్తే అదే కార్డు రైజర్ మీద. తర్వాత రెండో రైజర్. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసుకోవాలి. విసుగే, కాదనను. రెండు గంటలు పోతాయి. షాపువాళ్లను కూడా పూర్తిగా తప్పుపట్టలేను: ఆ రెండు గంటలకు మనం డబ్బివ్వం, కొత్త బోర్డుకైతే ఇస్తాం. వెతుకులాటకు కూలీ కట్టని చోట ఎవరు మాత్రం వెతుకుతారు?

నిజంగా పోయిన బోర్డులూ ఉంటాయి. 24 పిన్నుల కనెక్టర్ మాడినవి, ఒక ఎస్ఎంపీఎస్ కేబుల్‌ను ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్‌కు తగిలించడం వల్ల కాలినవి. అవి కంటికే తెలుస్తాయి, లేదంటే ముక్కుకు తెలుస్తాయి.

"మైనింగే చచ్చింది, ఇప్పుడిది నేర్చుకుని ఏం లాభం?" అని మా రూమ్మేట్ అడిగాడు. నాణేల కోసమైతే ఏ లాభమూ లేదు. ఏఐకి కూడా ఈ రిగ్ సర్వరోగ నివారిణి కాదు: జెన్ 1 ఒకే లేన్ రైజర్‌లో సెకనుకు 250 ఎంబీయే పోతుంది, జెన్ 3 పదహారు లేన్ల స్లాట్ కంటే అరవై రెట్లు తక్కువ. కార్డులన్నీ కలిపి ఒకే మోడల్‌కు ట్రైనింగ్ ఇవ్వాలంటే నత్తనడకే. ఒక్కో కార్డుకు ఒక్కో చిన్న మోడల్, లేదా బ్లెండర్ రెండరింగ్ అయితే హాయిగా చేస్తుంది. కానీ లేన్లు, చిరునామాలు, ఆంపియర్లు ఒక్కచోట కంటికి కనబడే యంత్రం మన ల్యాబుల్లో ఇంకోటి లేదు. కంప్యూటర్ ఆర్గనైజేషన్ ల్యాబ్‌లో సిమ్యులేటర్ పక్కన ఇలాంటి రిగ్ ఒకటి పెట్టించమని మా డిపార్ట్‌మెంట్‌ను అడుగుతున్నాను. బడ్జెట్ లేదంటే జూనియర్ల రిగ్ ఉండనే ఉంది, ఇస్తామంటున్నారు. రైజర్లు మాత్రం ఈసారి సాటావి వద్దు, ఆరు పిన్నులవి కొనాలి.