కొనువారికి పాపము లేదా?

మన తెలుగు బిడ్డలనేకులు నేడు అమెరికా, కెనడా మొదలగు చలిదేశములలో కాపురముండుటయు, వారిని జూడబోయిన తలిదండ్రులు అచ్చటి దుస్తులతో తిరిగివచ్చుటయు సామాన్యమైనది. అందు మేము తప్పెన్నము. చలికి తగిన బట్ట తొడుగవలసినదే. కాని యా పెట్టెలలో అప్పుడప్పుడు నిజమైన జంతువు బొచ్చు గుట్టిన కోట్లును వచ్చుచున్నవి. చీమలకు చక్కెర చల్లు గృహములలో సైతము వానిని ముచ్చటతో నిమిరి చూచుచున్నారు. ఇది యే ప్రాణి బొచ్చని యడిగినవారు అరుదు. అడుగవలెననియే మా మనవి.

ఈ వ్యాపారమున ముఖ్యమైన వానిలో మింక్ ఒకటి. అది ముంగిసను బోలిన చిన్న జంతువు. స్వభావముచే ఒంటరిగా దిరుగుచు, నీటి యొడ్డుల నీది వేటాడునది. అట్టిదానిని ఇనుపతీగెల పంజరములలో, ఈదుటకు నీరు లేకుండ, వేలకొలదిగా ఒక్కచోట బెంచుదురు. వసంతమున బుట్టిన పిల్లకు చలికాలపు బొచ్చు దట్టమగుటతోడనే ఆయువు తీరును. తోలు చెడకుండుటకై విషవాయువుతో జంపుదురు. ఒక నిలువు కోటునకు ఇట్టి ప్రాణులు పదులకొలది కావలెను.

2020 నవంబరులో డెన్మార్కు దేశపు మింకులకు కరోనా సోకి, మార్పుజెందిన యా వ్యాధి తిరిగి మనుష్యులకు దగులగా, అచ్చటి ప్రభుత్వము కోటిన్నరకు పైబడిన మింకుల నన్నిటిని జంపింప నాజ్ఞాపించెను. పాతిపెట్టిన కళేబరములు కొన్నిచోట్ల ఉబ్బి, మన్ను దన్నుకొని పైకి వచ్చినవి. చూచినవా రేవగించుకొనిరి. కాని వ్యాధి రాకున్నచో అవి బ్రతికియుండెడివా? పిల్లలకై యుంచుకొను కొన్ని దప్ప, తక్కినవన్నియు ఆ చలికాలముననే చచ్చి కోట్లయ్యెడివి. ప్రతియేటను మూసిన తలుపుల వెనుక జరుగుదానిని ఆ యేడు లోకము కన్నులార జూచినది, అంతియే.

“మేము చంపలేదు, అంగడిలో నున్నదానిని గొంటిమి” అని కొందఱందురు. మాంసవిషయమున మనుస్మృతి అయిదవ యధ్యాయము అమ్మువానిని, కొనువానిని గూడ ఘాతకులలోనే లెక్కించినది. ఆ న్యాయము తోలునకు మాత్ర మేల చెల్లదు? కొన్నవాడిచ్చిన సొమ్మే మరుసటి వసంతమున పంజరములను నింపును.

“కృత్రిమపు బొచ్చు ప్లాస్టిక్కు గదా!” యని మఱికొందఱందురు. ఆ రెంటిలో నొకటి కోరుకొమ్మని మనల నెవరు నిర్బంధించిరి? ఉన్ని యున్నది, దూదియున్నది. మంచునేలల వేటగాండ్రకు తోలు ప్రాణాధారము. వారిని మేము నిందింపము. మన కది మెడచుట్టు సింగారము.

ఇక మూడవ యాక్షేపణ. “పట్టుచీరతో పీటలపై గూర్చుండువారికి ఈ నీతులేల?” ఈ దెబ్బ మాకు దగిలినది, తప్పించుకొనము. పట్టుకాయలోని ప్రాణిని ఆవిరిలోనో వేడిగాలిలోనో చంపిన పిదపనే తెగని దారము లభించును. ఒక చీరకు వేలకొలది కాయలు. హైదరాబాదులో కుసుమ రాజయ్యగారు పురుగు రెక్కలు దాల్చి వెలువడిన పిదప మిగిలిన కాయనుండి దారము వడికించి, అహింసాపట్టు నేయించి చూపినారు. కావున మార్గము లేదనుటకు వీలులేదు. ఒక తప్పును జూపి మఱియొక తప్పును గాపాడుకొనుట న్యాయమా? మా యింట జరుగబోవు వివాహమునకు మామూలు పట్టు కొనరాదని నిశ్చయించితిమి. పెద్దలు నొచ్చుకొన్నారు; మడికి పట్టే కావలెనన్నారు. ఇన్ని ప్రాణములు దీసిన బట్ట మడి యెట్లగునని మే మడిగితిమి. ఇంకను ఉత్తరము రాలేదు. ఆ కష్ట మెఱిగియే వ్రాయుచున్నాము.

బొచ్చుశాలలను ఇంగ్లండు 2000 సంవత్సరపు చట్టముతో మాన్పించెను. మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని మన ప్రభుత్వము 2017 జనవరిలో నిషేధించెను. ఇవి మంచి పనులే. కాని పెట్టెలో మడిచి తెచ్చు కానుకను ఆపవలసినది గృహస్థుల వివేకమే. ఈ సారి బిడ్డలు ఫోనులో “ఏమి తేవలె?” నని యడిగినపుడు, సోదరులారా, సోదరీమణులారా, “కోటు తెండు, బొచ్చు వలదు” అని చెప్పుడు.