పాలనావిద్యలో ప్రత్యేకాంశము: మన పిల్లలు దేనిని ఎన్నుకొనవలెను?

పట్టపరీక్షల ఫలితములు వెలువడు దినములలో మన యిండ్ల అరుగులమీద ఒక చర్చ బయలుదేరుచుండును. ఇంజనీరింగునకు, వైద్యమునకు పోవువారిని గూర్చి కాదు. వారి త్రోవ ముందే ఏర్పడియున్నది. బి.ఏ. ముగించి ప్రభుత్వ పాలనాశాస్త్రమున ఎం.ఏ. పట్టమునకో, ఎం.పి.ఏ. అనబడు దాని తోబుట్టువునకో చేరదలచిన పిల్లలను గూర్చి. మంగళవాడ వంటి గ్రామములలో అట్టివారు కొందరే. ఆ కొందరును ప్రత్యేకాంశమును, అనగా స్పెషలైజేషనును, ఎన్నుకొనవలసిన ఘడియ వచ్చినప్పుడు మన పెద్దలు ఇచ్చుచున్న సలహా చెడ్డ సలహా యని నా వాదము.

ఆ సలహా రెండు విధములు. “ఏదైన నేమి? పట్టా చేతికి వచ్చిన చాలును, పోటీ పరీక్షకు కూర్చుండవచ్చును” అనువారు కొందరు. “మానవ వనరుల నిర్వహణము తీసికొనుము, బెంగుళూరు కంపెనీలో కుదురుకొందువు, లేదా అంతర్జాతీయ పాలనము తీసికొనుము, సముద్రము దాటుదువు” అనువారు మరి కొందరు. స్థానిక ప్రభుత్వమును, దాని ఆర్థిక వ్యవహారమును తీసికొమ్మని చెప్పువాడు కనబడడు. ఎవడైన పిల్లవాడు తానై ఆ మాట యెత్తినచో, “పంచాయతీ గుమాస్తా అగుటకా యింత చదువు?” అని నవ్వుదురు.

ఆ పట్టము పుట్టుకను ఎరిగినవారు నవ్వరు. ఉడ్రో విల్సన్ 1887లో వ్రాసిన వ్యాసముతో ఈ శాస్త్రము ఆరంభమైనదని పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. శాస్త్రము సంగతి అట్లుండనిండు. పట్టము మాత్రము వ్యాసమునుండి పుట్టలేదు, చిట్టా ఆవర్జాలనుండి పుట్టినది. న్యూయార్కు నగరమున పురపాలక ధనము ఎటు పోవుచున్నదో అంతుపట్టక, 1906 ప్రాంతమున కొందరు పౌరులు పురపాలక పరిశోధనాలయము నొకదానిని నెలకొల్పిరి. ఆ పనికి తగిన మనుష్యులు దొరకక 1911లో శిక్షణాలయమును తెరచిరి. ఆ శిక్షణాలయమే 1924లో సిరాక్యూస్ విశ్వవిద్యాలయమునకు తరలిపోయి, అచటి మాక్స్‌వెల్ విద్యాలయమున పాలనా పట్టమునకు పునాది యయ్యెను. వీధి ఊడ్చుటకు ఖర్చెంత, నీటి గొట్టము వేయుటకు ఖర్చెంత అని అడిగినవారి చదువు ఇది. పంచాయతీ లెక్కను చూచి నవ్వువాడు ఈ చదువు తల్లిదండ్రులను చూచి నవ్వుచున్నాడన్నమాట.

ఇక మన తాలూకా పటమును చూడుడు. మూడు దిక్కుల ఆంధ్రదేశము, పడమట చిత్రదుర్గ జిల్లా. మనది తుమకూరు జిల్లాయే, కాని జిల్లా కేంద్రమునకు పోవలెనన్న నడుమ మడకశిర సీమ అడ్డుపడును. ఆ మడకశిర 2022 వరకు అనంతపురము జిల్లా, నేడు శ్రీ సత్యసాయి జిల్లా. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, వియ్యములు రెండు రాష్ట్రములలో. ఇట్టి సీమను ఎట్లు పాలింపవలెనో చెప్పు అధ్యాయము విశ్వవిద్యాలయ పాఠ్యక్రమములలో వెదకినను దొరకదు. దానిని వ్రాయవలసినవారు మన పిల్లలే. డాక్టరు నంజుండప్ప అధ్యక్షతన ప్రాంతీయ అసమానతలను పరిశీలించిన సంఘము 2002లో కర్ణాటకమున 114 తాలూకాలు వెనుకబడినవనియు, వానిలో 39 మిక్కిలి వెనుకబడినవనియు తేల్చినది. ఆ 39లో పావగడ యొకటి. మన వానలు అంతంతమాత్రము, బోరు నీటిలో ఫ్లోరైడు. త్రాగునీటికై తుంగభద్ర జలములను ఇంత దూరము తెచ్చుటకు పథకము వేయవలసి వచ్చినది. గొట్టమును ఇంజనీరు వేయును. ఊరి ట్యాంకునుండి వీధి కొళాయి దాక నీరు ఎవరి బాధ్యత? పంపు కరెంటు బిల్లు ఏ పద్దున పడును? అది చెడిననాడు ఎవరి సంతకముతో బాగగును? ఇవి ఇంజనీరు నేర్చు విద్యలు కావు.

ఇంకొక సంగతిని కొంత విపులముగా చెప్పక తప్పదు. నాగలమడికె హోబళిలోని తిరుమణి, బళసముద్రము, క్యాతగానచర్ల, వల్లూరు, రాయచర్ల గ్రామముల నేలలో సుమారు 13,000 ఎకరములమీద 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. 2018 మార్చిలో ప్రారంభోత్సవము జరిగి, 2019 చివరకు పని పూర్తియైనది. రైతు అచట నేలను అమ్ముకొనలేదు, కౌలుకిచ్చెను. ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలు. రెండేండ్ల కొకసారి నూటికి 5 చొప్పున పెంపు. గడువు 28 సంవత్సరములు. కరవు నేలకు కదలక కూర్చున్నచోట ఇంత పైకము వచ్చుట సంతోషింపదగినదే. కాని లెక్క వేసి చూడుడు. రెండేండ్ల కొక పెంపు చొప్పున 26 సంవత్సరములకు 13 పెంపులు. నాటికి కౌలు సుమారు 39,600 రూపాయలగును. సరకుల ధరలు ఏటేట నూటికి 5 చొప్పున పెరుగునని అనుకొన్నచో, నాడు 21,000 రూపాయలకు దొరకిన వస్తువులు కొనుటకు అప్పటికి సుమారు 74,700 రూపాయలు కావలెను. అనగా కాగితముమీద ఇబ్బడి కావచ్చిన కౌలు, సంతలో సగమునకు తగ్గినదన్నమాట. ఇది ఎవరి మోసమని నేననుట లేదు. పత్రముపై వ్రేలిముద్ర వేయు దినమున ఈ లెక్కను తెలుగులో చెప్పగల మనిషి రైతు ప్రక్కన నుండెనా అని మాత్రమే అడుగుచున్నాను. నేల లేని కూలివాని మాట మరింత కఠినము: వానికి కౌలు రాదు, సేద్యపు పని పోయినది. ఇట్టి క్షేత్రమునుండి గ్రామ పంచాయతీకి రావలసిన పన్ను ఎంత, దానిని ఏ నియమము క్రింద అడుగవలెను అను ప్రశ్నలు స్థానిక ఆర్థికమును ప్రత్యేకాంశముగా చదివినవానికి ప్రథమ పాఠములు. మంగళవాడ ఆ అయిదు గ్రామములలో లేదు. కాని ఎండ అన్ని ఊళ్లమీదను ఒక్కటే. అట్టి పత్రము ఏనాడైన మన గుమ్మమునకును రావచ్చును.

ఇప్పుడు మన సంఘములకు నచ్చని మాట యొకటి చెప్పవలసియున్నది. మాతృభాషా రక్షణలను గూర్చి మనము ఉపన్యాసములు చేయుదుము, మహజరులు పంపుదుము. 1956లో ఏడవ సవరణము ద్వారా రాజ్యాంగమున 350-ఏ, 350-బి అధికరణములు చేరినవి. మొదటిది ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను గూర్చి, రెండవది అల్పసంఖ్యాక భాషలవారికై ప్రత్యేకాధికారిని గూర్చి. అంతకు ముందే 1949లో విద్యామంత్రుల సమావేశము బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉన్నచో వారి భాషలో బోధింపవలెనని తీర్మానించినది. ఒక జిల్లాలో గాని తాలూకాలో గాని నూటికి 15 మంది మాట్లాడు భాషలో ముఖ్యమైన నియమములను, ప్రకటనలను ప్రచురింపవలెనన్న ఏర్పాటును కలదు. పావగడలో తెలుగువారు నూటికి 15 మందియేనా? ఎంతో మించియున్నారని ఇచటి సంతకు ఒకసారి వచ్చినవాడైనను చెప్పును.

కాని ఈ ఏర్పాటులలో పెక్కు ప్రభుత్వములు ఒప్పుకొన్న కట్టుబాటులే గాని న్యాయస్థానము తలుపు తట్టి రాబట్టుకొనదగిన చట్టములు కావు. అవి నడచుట, నడువకపోవుట కచేరిలో దస్త్రము కదలికపై ఆధారపడును. ఏ శాఖ ఉత్తరువు జారీ చేయవలెను, అనువాదకుని జీతము ఏ పద్దున చేర్పవలెను, ప్రత్యేకాధికారి నివేదికలో మన తాలూకా మాట చేరవలెనన్న ఏ అంకెలను ఎవరికి పంపవలెను అని తెలిసినవాడు మనలో ఎవడు? ఉపన్యాసకులు కొల్లలు, కవులకు లోటు లేదు. దస్త్రమును చదువనేర్చినవాడే కరవు. కన్నడమును ద్వేషించి ఈ పని సాధింపవచ్చునను భ్రమ ఎవరికిని వలదు. 1963 నాటి అధికార భాషా చట్టమునుండి అది ఈ రాష్ట్ర పాలనా భాష. కన్నడమున దస్త్రము వ్రాసి, తెలుగున దానిని రచ్చబండమీద వివరింపగలవాడే మనకు కావలసినవాడు. మన పిల్లలు రెండు భాషలును చిన్ననాటనే పట్టుకొందురు. బెంగుళూరు కంపెనీలో ఆ రెండవ భాషకు ఏమి వెల యున్నది?

“ఉద్యోగమేది?” అని తండ్రులు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. ముందుగా పోటీ పరీక్షల మాట. కేంద్ర సివిల్ సర్వీసు పరీక్షలో 2013 నుండి ఐచ్ఛికాంశము ఒక్కటే. పాలనాశాస్త్రమును తీసికొన్నవాని రెండవ ప్రశ్నపత్రమున జిల్లా పాలనము, గ్రామాభివృద్ధి, పట్టణ స్థానిక సంస్థలు, ఆర్థిక నిర్వహణము అన్నియు కలవు. “ఏదైన నేమి” అనువారు దీనిని గమనింతురు గాక. అది దక్కనిచో పంచాయతీ అభివృద్ధి అధికారి, తాలూకా పంచాయతీ, పురసభ, నీటి పథకములు, గ్రామముల లెక్కలు తనిఖీ చేయు శాఖలు ఉన్నవి. వీనిలో జీతము సాఫ్టువేరు జీతము కాదు, నిజమే. అయినను ఇంజనీరు జీతముతో ఎం.ఏ. జీతమును పోల్చి ఏడ్చుట ఎందులకు? ఆ పోలిక బి.ఏ.లో చేరిననాడే ముగిసినది.

మరియొక ఆక్షేపణము దీనికంటె బరువైనది. స్థానిక ప్రభుత్వమునకే బలము లేనప్పుడు దానిని చదివి ప్రయోజనమేమి యందురు. 1983లో చట్టము చేసి 1987లో జిల్లా పరిషత్తులకు అధికారములిచ్చి దేశమునకే దారి చూపిన రాష్ట్రమిది. నాడు ఆ పనికి పూనుకొన్న మంత్రి అబ్దుల్ నజీర్ సాబును బోరుబావులు వేయించిన పుణ్యమునకు జనము నీర్ సాబ్ అని పిలిచిరి. ఆ రాష్ట్రముననే 2021లో గడువు తీరిన తాలూకా, జిల్లా పంచాయతులకు ఏండ్ల తరబడి ఎన్నికలు జరుగలేదు. ఆక్షేపకులు చూపు సాక్ష్యము సరియైనదే, తీర్పు మాత్రము తలక్రిందులు. బలము లేని సంస్థ ఎందుచేత బలహీనమైనదో, ఏ అధికారము ఎవరి చేతికి ఎప్పుడు జారిపోయినదో పట్టుకొని చెప్పుటకే ఆ చదువు కావలెను. ఆరోగ్యవంతుల ఊరికి వైద్యుని పిలిపించుకొనువారున్నారా?

ఈ యేడు చేరు పిల్లలు, ముఖ్యముగా ఆడపిల్లలు (గ్రామసభలో నీటి మాట ఎత్తువారు మొదటినుండి స్త్రీలే), స్థానిక ప్రభుత్వమును, దానితోపాటు ప్రభుత్వ ఆర్థికమును ఎన్నుకొనవలెను. విశ్వవిద్యాలయమున రెండును ఒక జట్టుగా లేనిచో ఒకదానిని ప్రత్యేకాంశముగను, రెండవదానిని సిద్ధాంత వ్యాసమునకు విషయముగను తీసికొనవచ్చును. ఆ వ్యాసము ఎక్కడి నగరమును గూర్చియో వలదు. మంగళవాడ జమాఖర్చులను పదేండ్లకు వరుసగా పేర్చి, ఇంటిపన్ను ఎంత, నీటి రుసుము ఎంత, పైనుండి వచ్చిన గ్రాంటు ఎంత, దానిలో ఊరి యిష్టము చొప్పున ఖర్చు పెట్టుటకు వీలైనది ఎంత అని విడదీయవలెను. వ్యాసమును కన్నడమునగాని ఇంగ్లీషునగాని విశ్వవిద్యాలయమునకు సమర్పించి, దాని సారమును నాలుగు పుటల తెలుగున వ్రాసి గ్రామసభలో చదువవలెను. అచట వేయబడు ప్రశ్నలు ఆచార్యుల ప్రశ్నలకంటె కఠినముగా నుండును గనుక, పహణి పుస్తకమును, పన్ను రసీదులను వెంట తీసికొని పోవుట మంచిది.