కడలి అడుగున కావలి

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా వద్ద భూమి కంపించిన రెండు గంటలకు గాని సునామీ మన తూర్పు తీరాన్ని తాకలేదు. ఆ వ్యవధిలో తీరవాసులను హెచ్చరించే వ్యవస్థ అప్పటికి లేదు. ఆనాడు దేశంలో 10 వేలమందికి పైగా బలయ్యారు.

ఆ లోటు తీర్చడానికి 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం వెలసింది. సముద్రం కానరాని ఆ నగరానికి కడలి అడుగునున్న పీడనమాపకాలే కళ్లు. వేల మీటర్ల లోతున ఉండి కూడా అవి నీటిమట్టంలో ఒక్క సెంటీమీటరు మార్పును పసిగట్టగలవు. ఆ సమాచారం ధ్వనితరంగాలుగా పైన తేలియాడే బోయాకూ, అక్కడినుండి ఉపగ్రహం ద్వారా కేంద్రానికీ చేరుతుంది.

2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపంలోనే 8.6 తీవ్రతతో మరల భూకంపం సంభవించింది. తీరమంతా భయపడింది. కాని సముద్రమట్టాన్ని కొలిచే పరికరాలు అలలు స్వల్పమేనని తెలిపాయి. సముద్రగర్భం పైకి లేవక, పక్కకు జరగడమే అందుకు కారణం. ఆ సాయంత్రమే హెచ్చరికను ఉపసంహరించారు.

అపాయాన్ని చాటడం ఎంత అవసరమో, లేని అపాయాన్ని లేదనడమూ అంతే అవసరం. వేట సాగని నాడు జాలరి ఇంట పొయ్యి వెలగడం కష్టం. పైగా, "నాన్నా, పులి" అన్న కేక పలుమార్లు వృథా అయితే, పులి నిజంగా వచ్చిననాడు పరుగెత్తేవారుండరు.