సైతాను పాటా, మా వదిన చెవీ

ఆ మధ్య ఓ ఆదివారం పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి మా వదిన ఏలూరులో రైలు దిగింది. చేతిలో సంచీ. ఎప్పటిలా గూడెం ఉల్లిపాయలే అనుకున్నాను. కాదుట! పసుపు గుడ్డలో మూటగట్టిన మా మేనకోడలి సెల్‌ఫోనూ, చెవుల్లో పెట్టుకునే తీగలూను.

“ఇందులో సైతానుంది. పాట వెనక్కి తిప్పితే మాట్లాడుతుంది” అంది వదిన గొంతు తగ్గించి.

పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం. ఇంగ్లీషు రాక్ పాటలు వింటుంది. వాటిని తిరగేస్తే చావమనే బోధలు వినిపిస్తాయని ఎవరో పంపిన వీడియో వదిన చూసింది. అంతే, ఫోను లాక్కుంది. పిల్ల పది రోజులుగా తల్లితో మాట్లాడటం మానేసింది. అదీ ఆ పాటల మహిమేనని వదిన తీర్మానం.

ఈ భయం కొత్తదేం కాదండీ. 1982లో అమెరికాలో కాలిఫోర్నియా శాసనసభ కమిటీవారు కూర్చుని ఓ రాక్ పాటను వెనక్కి తిప్పించుకుని విన్నారు. 1990లో జూడాస్ ప్రీస్ట్ అనే బృందాన్ని నెవాడా రాష్ట్రంలోని రీనో కోర్టుకి లాగారు. 1985లో ఇద్దరు కుర్రాళ్ళు తుపాకీతో కాల్చుకున్నారు. ఒకడు అక్కడికక్కడే పోయాడు, రెండోవాడు మూడేళ్ళకి పోయాడు. 1978 నాటి పాటలో దాచిన రహస్యపు మాటే వాళ్ళని పురికొల్పిందని పెద్దవాళ్ళ దావా. గాయకుడు రాబ్ హాల్‌ఫోర్డ్ తన పాటల ముక్కల్నే తిరగేసి కోర్టులో వినిపించాడు. ఓచోట కుర్చీ విరిగిందని అమ్మతో చెబుతున్నట్టుందిట! ఊపిరి చప్పుడూ గిటారు మోతా కలిసి అనుకోకుండా పుట్టిన శబ్దమే ఆ ‘రహస్యం’ అని తేల్చి, జడ్జీగారు బృందానిది తప్పులేదన్నారు. ఆ కుర్రాళ్ళ ఇళ్ళలోని గొడవలూ, వాళ్ళ తాగుడూ కూడా ఆ విచారణలోనే బయటపడ్డాయి. అవి తెలుసుకోడానికి ఏ పాటా తిరగెయ్యక్కర్లేదు కదా!

కెనడాలో వోకీ, రీడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1985లో ఈ సంగతే పరీక్షించి రాశారు. తిరగేసిన మాట ఆడగొంతో మగగొంతో జనం చెప్పగలిగారుట గాని, దాని అర్థం పట్టుకోలేకపోయారు. ‘ఫలానా మాట ఉంది, వినండి’ అని ముందే చెబితే మాత్రం వినిపించిందన్నారు.

నాకిది మా నాయనమ్మే నేర్పింది. కొల్లేటి లంకలో మా పుట్టిల్లు. రాత్రి నీటిపక్షులు కూస్తే, “అదుగో, నిద్రపోని పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తోంది” అనేది. ఆ క్షణం నుంచీ నాకు నా పేరే వినిపించేది!

అందుకే వదిన కాఫీ తాగుతుంటే నా గొంతు ఫోనులోకెక్కించి, మావాడిచేత తిరగేయించాను. “వదినా, ఇందులో ‘ఇల్లొదిలి పో’ అని ఉంది, వినపడుతోందా?” అన్నాను. వదిన గుండెమీద చెయ్యేసుకుంది. “స్పష్టంగానే!” అంది. అప్పుడు తిన్నగా వేశాను. ‘పప్పులో ఉప్పు తక్కువైంది’ అని ఉంది.

వదిన అంత తేలిగ్గా ఓడుతుందా? “మరా మరా అన్న బోయవాడికి రామనామం రాలేదూ?” అంది. వచ్చింది తల్లీ, అక్కడ తిరగబడితే దేవుడే వచ్చాడు! పైగా అది అక్షరాల తిరగేత. మిషను తిరగేసేది శబ్దాన్ని. మన రామకృష్ణుడి ‘వికటకవి’ని కాగితంమీద ఎటు చదివినా ఒకటే. ఫోనులో తిరగేస్తే ‘ఇవకటకివ్’ అంటుంది.

మనమేమీ తక్కువ తినలేదు లెండి. గుమ్మాలమీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నవాళ్ళమే. ఆ దెయ్యమూ ఆడదే! పాపం, రాసింది చదివి, మాట విని వెళ్ళిపోయేంత మర్యాదస్తురాలు.

పాటల్లో చెడ్డ మాటలుండవని నేననను. ఉంటే తిన్నగానే ఉంటాయి. పెళ్ళిపందిట్లో ఆడపిల్లని అంగట్లో సరుకులా పోల్చే పాటని లౌడుస్పీకరు అరుస్తుంటే, తాళం వేస్తూ లడ్డూలు పంచుతాం. అందులో సైతాను కనిపించదు, తెలుగులో ఉంది కాబట్టి! తెలియని భాషలో, తిరగేసిన చోట మాత్రం కనిపిస్తుంది.

సాయంత్రం అన్నయ్య ఫోనుకి చేసి పిల్లని పిలిచాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “ఈ లెక్కల చదువు నావల్ల కాదని రెండేళ్ళుగా చెబుతున్నానత్తా. తిన్నగా చెప్పిందే ఎవరికీ వినపడలేదు. వెనకనుంచి ఏం వింటారు?”

ఫోను వదిన చెవి దగ్గరే ఉంది. ముందుగా ఎవరూ ఏమీ చెప్పకుండానే ఈ మాట వినపడింది. చాలాసేపు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అమ్మల్లారా, పిల్లల పాటలంటే భయమేస్తే ఓ చెవితీగ మీరూ పెట్టుకోండి. అర్థం అడగండి. నచ్చకపోతే పోట్లాడండి, తప్పులేదు. కాని పాట తిరగేసేముందు పిల్లని ఓసారి మనవైపు తిప్పుకుందాం.

మర్నాడు వదిన గూడెం రైలెక్కింది. పసుపు గుడ్డ మా ఇంట్లోనే మర్చిపోయింది. నేనూ గుర్తు చెయ్యలేదు.