గృహవిజ్ఞానము: కారులోని వెచ్చని గాలి

మోటారు కారు సంగతి పురుషులది, ఇంటి సంగతి స్త్రీలది అను విభజనను మేము అంగీకరింపము. కారులో కూర్చుండు వారందరును పీల్చు గాలి యొక్కటే. కావున ఈ మాసమున, చలిదేశములలో కొందరు నేటికిని మక్కువతో కాపాడుకొనుచున్న ఒక తెగ పాతకార్లను గూర్చి మా సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

సామాన్యముగా కారు ఇంజనును చల్లార్చునది నీరు. చలికాలమున ఆ వేడినీటిలో కొంత భాగమును చిన్న గొట్టముల ద్వారా మరలించి, దాని వేడితో కారు లోపలి గాలిని వెచ్చచేయుదురు. జర్మనీ దేశపు పోర్షె కంపెనీవారు మాత్రము 1948లో వెలువడిన 356 అను కారు మొదలు, 1964 నుండి తయారైన 911 అను కార్లలో 1998 వరకును, ఇంజనును గాలితోడనే చల్లార్చుచు వచ్చిరి.

ఈ కార్లలో ఇంజను వెనుకభాగమున నుండును. 911 ఇంజనునకు సిలిండరులు ఆరు, ప్రక్కకు మూడేసి. వేడి త్వరగా గాలిలో కలియుటకై వాని చుట్టును పలుచని లోహపు రెక్కలు వరుసగా నుండును. బెల్టుతో తిరుగు పెద్ద ఫ్యాను ఒకటి ఆ రెక్కల నడుమకు గాలిని త్రోయుచుండును. సుమారు 10 లీటర్ల నూనె ఇంజనులో తిరుగుచు మరికొంత వేడిని కొనిపోవును. ఇంజను చుట్టునుండు రబ్బరు పట్టీ చినిగినచో, క్రిందనుండి పోయిన వేడిగాలియే మరల పైకి వచ్చి ఫ్యానులో చేరును. రెక్కల నడుమ ఆకులును మట్టియు పేరుకొన్నను కీడే. పొయ్యిలో బూడిద పేరుకొన్నచో మంట సరిగా రాదని ఎరిగిన మనకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక వెచ్చదనము మాట. వేడినీరు లేదు గనుక వారు పొగగొట్టము నాశ్రయించిరి. ఇంజనునుండి పొగ వెడలు గొట్టమునకు పైన మరియొక రేకు తొడుగు నమర్చిరి. ఫ్యాను గాలిలో కొంత ఆ గొట్టమునకును తొడుగునకును నడుమ ప్రవహించి, వేడెక్కి, తలుపుల క్రిందినుండి వచ్చి కాళ్ళకును ముందరి అద్దమునకును తగులును. మీటను మూసినచో ఆ వేడిగాలి లోనికి రాక బయటకు పోవును. ఇంజను మెల్లగా తిరిగినపుడు గాలియు తక్కువ, వేడియు తక్కువ.

ఉపాయము చక్కనిదే. కాని మనము పీల్చు గాలికిని ఇంజను పొగకును నడుమ అడ్డుగోడ ఒక్క లోహపు రేకు మాత్రమే! మంచు కరగుటకై ఉప్పు చల్లిన రోడ్లపై ఏండ్ల తరబడి తిరిగిన కారులో ఆ రేకు త్రుప్పుపట్టును. లోపలి గొట్టమునకు చిల్లి పడినయెడల, పొగ వెచ్చని గాలితో కలిసి కారులోనికి వచ్చును.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించినపుడు ప్రాణములు తీయునదియు ఈ వాయువే. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తమునందలి హీమోగ్లోబినును ఇది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. మొదట తలనొప్పి, తలతిరుగుడు, వాంతి, పిదప మగత, ఆపై స్మృతి తప్పుట. పొగవాసన వచ్చినచో ప్రమాదమని తెలియవలెను. వాసన లేనంత మాత్రమున క్షేమమని నమ్మరాదు.

కావున చలిదేశములలో కాపురముండి, ఇంట నిట్టి కారు గల సోదరీమణులు శీతకాలమునకు ముందే మెకానిక్కుచే కారు నెత్తించి, ఆ తొడుగును లోపలి గొట్టమును పరీక్షింపజేయవలెను. చిల్లి కనబడినచో, బాగుచేయించు వరకు వేడిమీటను తెరువరాదు. మూసిన షెడ్డులో ఇంజనును నడుపనే రాదు. ఈ వాయువును పసిగట్టి మ్రోగు చిన్న యంత్రములు బజారున దొరకును. ఒకటి కారులో నుంచుకొనుట మంచిది. బరువు తగ్గునని కొందరు ఆ తొడుగులను ఊడబెరికి వేరు గొట్టములు వేయింతురు. అప్పుడు ఆ వెచ్చదనము పోవును; ఫ్యాను గాలి తొడుగునకు పోవు రంధ్రములను మూయనిచో ఇంజనునకు చేరవలసిన గాలియు వృథాయగును.

వెనుక ఇరుకు సీటులో కూర్చున్న పిల్లవాడు తలనొప్పి యనినచో ప్రయాణపు బడలిక యని త్రోసివేయకుడు. కారులోని వారందరికి ఒకేసారి తల నొచ్చి, దిగిన పిమ్మట నెమ్మదించినయెడల అనుమానింప వలసినదే. వెంటనే కారు నాపి, తలుపులు తెరచి, అందరును బయటి గాలిలోనికి రావలెను; మగతగా నున్నవారిని ఆలసింపక వైద్యునికడకు కొనిపోవలెను. చలికి వణకిన బిడ్డకు కంబళి కప్పవచ్చును. విషవాయువు పీల్చిన బిడ్డకు గడచిన ప్రతి నిమిషమును నష్టమే.